ఆవు మాత్రకు త్రైరాశికం – నాన్నగారికి ఏమని బదులు చెప్పాలి?

మదనపల్లె_మధు

మా నాన్నగారు లెక్కల మాస్టారుగా పదవీ విరమణ చేసి పదేళ్లయింది. మదనపల్లె దగ్గర మా ఊళ్లోనే ఉంటూ రెండు హెచ్.ఎఫ్. జాతి పాడి ఆవులను చూసుకుంటున్నారు. మోకాళ్లు చూపించడానికని పోయిన వారం బెంగళూరు తీసుకొచ్చాను. మారతహళ్ళిలో మా ఇంట్లో ఆయన సంచి సర్దుతుంటే బొటనవేలంత మాత్రల అట్ట ఒకటి బయటపడింది. దాని మీద ఆవు తల బొమ్మ, పక్కనే 'మనుషుల వాడకానికి కాదు, పశువుల చికిత్సకు మాత్రమే' అన్న హెచ్చరిక ఉన్నాయి. ఒక్కో మాత్రలో మెలాక్సికామ్ అనే నొప్పి మందు 100 మి.గ్రా., పారాసిటమాల్ 1500 మి.గ్రా. ఉన్నాయి. నాన్నగారు దాన్ని కత్తిపీట మీద నాలుగు ముక్కలు చేసి, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటున్నారట. ఇది ఎనిమిది నెలలుగా జరుగుతోందట.

నేను గొంతు పెంచితే ఆయన పెంచలేదు. కాగితం తీసుకుని లెక్క వేసి చూపించారు. "400 కిలోల ఆవుకు పశువుల డాక్టరు రెండు మాత్రలు, అంటే 200 మి.గ్రా. ఇస్తాడు. కిలోకు అర మిల్లీగ్రాము పడింది. నా బరువు 62 కిలోలు కాబట్టి నాకు 31 మి.గ్రా. రావాలి. నేను మింగేది 25. ఆవు కంటే జాగ్రత్తగానే ఉన్నాను కదరా" అన్నారు. పైగా రెండేళ్ల కిందట మోకాలి డాక్టరు రాసిన చీటీలో ఉన్నది కూడా మెలాక్సికామే. లెక్క ఎక్కడో తప్పని నాకు తెలుస్తోంది గాని, ఎక్కడ తప్పో చూపించలేకపోతున్నాను. తెలిసినవారు చెబితే ఆయన ముందు చదివి వినిపిస్తాను.

వక్రభాష్యం

లెక్కల మాస్టారు కాబట్టి ముందు లెక్కలోనే పట్టుకుంటాను. ఆవుకు ఆ మోతాదు రోజుకు ఒక్కసారే ఇస్తారు. మాస్టారు 25 చొప్పున రెండు పూటలా వేసుకుంటున్నారు, అంటే రోజుకు 50. ఆయన త్రైరాశికం ప్రకారమే 19 మి.గ్రా. ఎక్కువైంది. ఈ ప్రశ్నకు నేనైతే సగం మార్కులే వేస్తాను.

హెబ్బాళ_గోవైద్యుడు

వక్రభాష్యం గారు పట్టుకున్న తప్పు నిజమే. కానీ ఆ తప్పును దిద్దితే, రోజుకు 31 వరకు ఫరవాలేదనే అర్థం మిగిలిపోతుంది. అసలు తప్పు అంతకంటే ముందుంది. జంతువు మారినప్పుడు కిలో లెక్క చెల్లదు.

మాస్టారు ఆవు నుంచి లెక్క మొదలుపెట్టారు కాబట్టి 31 వచ్చింది. అదే మెలాక్సికామ్‌ను కుక్కకు మొదటి రోజు కిలోకు 0.2, ఆ తరువాత రోజూ 0.1 మి.గ్రా. చొప్పున ఇస్తాం. కుక్క నుంచి లెక్క కడితే 62 కిలోల మనిషికి రోజుకు 6 మి.గ్రా. మాత్రమే వస్తుంది. ఇక పిల్లి విషయానికి వస్తే, ఈ మందు పదేపదే ఇచ్చిన పిల్లులు మూత్రపిండాలు చెడి చనిపోతుండటంతో, 2010లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాని పెట్టె మీద గట్టి హెచ్చరిక వేయించింది. పిల్లి నుంచి లెక్క కడితే రెండో రోజు అసలు వేసుకోకూడదు. ఒకే మందుకు, ఒకే మనిషికి, మూడు జంతువుల నుంచి మూడు జవాబులు వస్తున్నాయి. వీటిలో ఏది తీసుకోవాలో మాస్టారినే అడగండి.

మనిషికి ఎంత అన్నది మనుషుల మీద పరీక్షించి తేల్చారు. మెలాక్సికామ్‌కు ఆ సంఖ్య పెద్దవారికి రోజుకు 7.5 నుంచి 15 మి.గ్రా. ఆ పరీక్షల్లో 15 దాటించి ఇచ్చిన వారిలో జీర్ణకోశంలో పుండ్లు, రక్తస్రావం పెరిగాయి కాబట్టే అక్కడ గీత గీశారు. మీ నాన్నగారు ఎనిమిది నెలలుగా ఆ గీతకు మూడింతలకు పైన ఉన్నారు.

ఐసీయూ_రాత్రులు

మధు గారూ, చర్చ తరువాత చేసుకోవచ్చు. మీ నాన్నగారు ఇంకా ఏ మందులు వాడుతున్నారో ముందు రాయండి. రక్తపోటు మాత్ర ఉంటే దాని పేరు కావాలి.

మదనపల్లె_మధు

ఈ సంగతి మొదటే రాయవలసింది. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర రోజూ ఉదయం వేసుకుంటారు. ఆవు మాత్ర ముక్కను కూడా దానితోపాటే కాఫీ తాగాక వేసుకుంటారు.

ఐసీయూ_రాత్రులు

నేను భయపడ్డది ఇందుకే. నొప్పి మాత్ర మూత్రపిండంలోకి రక్తం వచ్చే దారిని బిగిస్తుంది. టెల్మిసార్టాన్ రక్తం బయటికి పోయే దారిని వదులు చేస్తుంది. మూడోదైన హైడ్రోక్లోరోథయాజైడ్ మూత్రం ఎక్కువ పోయేలా చేసి ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. విడివిడిగా ఒక్కొక్క దానిని తట్టుకునే మూత్రపిండం, మూడూ ఒకేసారి మీద పడితే వడపోత ఆపేస్తుంది. ఎండాకాలంలో విరేచనాలు పట్టుకున్న వృద్ధులు ఈ మూడింటితో మా దగ్గరికి రావడం కొత్త కాదు. అప్పుడు వారు వేసుకున్నది మనుషుల మోతాదే.

ఆ ముక్కలను ఇవాళ్టి నుంచే ఆపించండి. రేపు ఉదయమే క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది), పొటాషియం, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించండి. కడుపులో రక్తం కారితే మలం నల్లగా తారులా పోతుంది, అలా పోతోందా అని మొహమాటపడకుండా అడగండి. బీపీ మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. అది వైద్యుడు చూసి నిర్ణయించవలసిన విషయం.

చీటీ_లేనిదే_ఇవ్వను

బనశంకరిలో పదహారేళ్లుగా మందుల దుకాణం నడుపుతున్నాను. పశువుల మందు మీద జంతువు తల బొమ్మ, మధు గారు రాసిన ఆ హెచ్చరిక ఉండాలన్నది మన ఔషధ నియమాల్లోనే ఉంది. దుకాణంలో వాటిని మనుషుల మందులతో కలపకుండా వేరే అరలో పెట్టాలి. చదువు రానివారు కూడా గుర్తుపట్టాలని బొమ్మ పెట్టారు. చదువుకున్నవారే దాన్ని చూసి నవ్వేస్తున్నారు.

ఆ ముక్కల గురించి ఒక మాట. మనుషుల మాత్ర మధ్యలో గీత ఉంటే, విరిచినప్పుడు రెండు సగాల్లోనూ మందు దాదాపు సమానంగా ఉండేలా చూసి తయారు చేస్తారు. ఆవు మాత్రను ఎవరైనా కత్తిపీట మీద నాలుగు చేస్తారని దాన్ని తయారు చేసినవారు అనుకోరు. మాస్టారు 25 అనుకుంటున్న ముక్కలో ఒక రోజు 18, మరో రోజు 33 ఉన్నా ఆశ్చర్యం లేదు.

హొసకోట_పాడి

ఇక్కడ అందరూ చదువుకున్నవారు, పట్నంలో ఉన్నవారు కాబట్టి తేలికగా మాట్లాడుతున్నారు. మాకు పన్నెండు ఆవులున్నాయి. పశువుల డాక్టరు ఫోను చేస్తే సాయంత్రానికి కొట్టం దగ్గరికి వస్తాడు. మా అమ్మకు జ్వరం వస్తే ఆమెను బండి మీద కూర్చోబెట్టుకుని పన్నెండు కిలోమీటర్లు పోవాలి. అక్కడ చీటీకి ఇంత, రక్తపరీక్షకు ఇంత, స్కానుకు ఇంత. ఇంట్లో ఉన్న మందులో అదే పేరు కనిపిస్తే మనిషి చేయి అటు పోకుండా ఎలా ఉంటుంది? చేతికి గాయమైతే నేను ఆవుల గాయాలకు కొట్టే స్ప్రేనే కొట్టుకుంటాను. కాళ్ల పగుళ్లకు పొదుగుకు రాసే పూతే రాసుకుంటాను. నాకు ఇంతవరకు ఏమీ కాలేదు.

వక్రభాష్యం

పొదుగు పూత పగుళ్లకు పనిచేస్తుందన్న మాటతో మా ఇంట్లో కూడా ఏకీభవించేవారు ఉన్నారు. పేరు చెబితే రాత్రికి నాకు భోజనం ఉండదు.

ఐసీయూ_రాత్రులు

పాడి గారూ, మీ కోపంలో న్యాయముంది, దాన్ని నేను కాదనను. కాకపోతే చర్మం మీద రాసుకున్న పూతను, ఎనిమిది నెలలు మింగిన మాత్రను ఒకే గాటన కట్టవద్దు. ఏమీ కాలేదన్న మాట కూడా ఏమీ కానివారే చెప్పగలరు. అయినవారు మా వార్డులో ఉంటారు, ఇక్కడికి వచ్చి రాయరు.

చీటీ_లేనిదే_ఇవ్వను

ఖర్చు మాటకు నా బదులు. మనుషుల మెలాక్సికామ్ ఖరీదైన మందు కాదు. జనౌషధి కేంద్రాల్లో ఇలాంటి పాత మందులు చాలా చవకగా దొరుకుతున్నాయి. బెంగళూరులోనైతే నమ్మ క్లినిక్కుల్లో వైద్యుడు ఉచితంగా చూస్తాడు. కాబట్టి మాస్టారి విషయంలో డబ్బు కంటే 'ఆవును లేపి నిలబెట్టిన మందు' అనే నమ్మకమే ఎక్కువగా పనిచేసిందని నా అనుమానం.

మదనపల్లె_మధు

మీ అనుమానం నిజమే. ఈనిన తరువాత లేవలేక పడిపోయిన ఆవు మూడో రోజుకు లేచి నిలబడిందట. ఆ రోజు నుంచే మొదలుపెట్టారు.

నీలిమ_వైట్‌ఫీల్డ్

పాడి గారు పైపూతకు ఏమీ కాదన్న ధోరణిలో రాశారు కాబట్టి నేను కళ్లారా చూసింది చెబుతాను. వైట్‌ఫీల్డ్ దగ్గర భవనాలు కట్టే కూలీల పిల్లలకు ఆదివారాలు చదువు చెబుతాను. వారిలో చాలామంది అనంతపురం, మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన తెలుగువారే. ఒక ఆదివారం ఏడేళ్ల పాప తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చి, పాఠం మధ్యలో నిద్రలోకి జారిపోయింది. ఎంత లేపినా కళ్లు తెరిచి మళ్లీ మూస్తోంది. పేలు పోవాలని వాళ్లమ్మ ఊరి నుంచి తెచ్చిన గోమార్ల మందు తలకు పట్టించి గంటసేపు ఉంచిందట. సీసా మీద లీటరు నీళ్లకు రెండు మూడు మిల్లీలీటర్లు కలపాలని ఉంది. ఆమె నీళ్లు కలపలేదు, కొబ్బరినూనెలో కలిపింది.

ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచారు, పాప కోలుకుంది. ఆ తల్లిని అందరూ తిట్టారు గాని, ఆ సీసా మీద ఒక్క తెలుగు అక్షరమైనా లేదన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఐసీయూ_రాత్రులు

నీలిమ గారు చెప్పిన నిద్రమత్తును బట్టి ఆ సీసాలో ఉన్నది అమిట్రాజ్ అయి ఉండాలి. పశువుల గోమార్లకు 12.5 శాతం ద్రావణంగా అమ్ముతారు. అది ఒంట్లోకి చేరితే మనిషి మత్తులోకి జారుతాడు, నాడి నెమ్మదిస్తుంది, కనుపాపలు చిన్నవవుతాయి, రక్తంలో చక్కెర పెరుగుతుంది. దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు, ఊపిరి, నాడి కాపాడుకుంటూ అది దిగేదాకా ఆగాలి. అందులో మందును కరిగించడానికి వాడే జైలీన్ కూడా తక్కువది కాదు.

చిక్కు ఎక్కడంటే, చిన్న కనుపాపలు, నెమ్మదించిన నాడి చూడగానే పొలాల పురుగుమందు తాగారనుకోవడం మాకు అలవాటు. ఆ రెండింటికీ చికిత్స ఒకటి కాదు. సీసా వెంట తెస్తే ఐదు నిమిషాల్లో తేలుతుంది, తేకపోతే రాత్రంతా ఊహల మీద నడుస్తాం. 'ఏదో మందు' అని చెప్పి సీసాను ఇంట్లో దాచేవారే ఎక్కువ. ఢిల్లీ ఎయిమ్స్‌లో విషాల సమాచార కేంద్రం పగలూ రాత్రీ పనిచేస్తుంది. 1800 116 117కు మీరూ ఫోను చేయవచ్చు, మేమూ చేస్తాం.

హెబ్బాళ_గోవైద్యుడు

గోమార్లకు వాడే మరో రకం డెల్టామెత్రిన్. పేల కోసం వైద్యులు రాసే పర్మెత్రిన్‌కు అది దూరపు చుట్టమే. అందుకే 'రెండూ ఒకటేనట' అన్న మాట ఊళ్లలో తిరుగుతుంది. పేలకు వాడే పర్మెత్రిన్ 1 శాతం, తలకు రాయడానికే తయారుచేసింది. పశువులది నీళ్లలో కలిపి కొట్టడానికి చేసిన గాఢ ద్రావణం. అది ముఖానికి తగిలితే గంటల తరబడి మంట, తిమ్మిరి తప్పవు.

బసవనగుడి_రమ

కరోనా రెండో విడతలో మా అపార్టుమెంటు బృందంలో అందరూ 'గుర్రపు మందు' మింగారు. అది గుర్తొచ్చి ఇప్పుడు నవ్వు వస్తోంది. అప్పుడు నవ్వే ధైర్యం ఎవరికీ లేదు.

హెబ్బాళ_గోవైద్యుడు

రమ గారూ, ఇక్కడ నేను మీతో విభేదించాలి. మీ అపార్టుమెంటువారు మింగినది మనుషుల కోసం తయారుచేసిన ఐవర్‌మెక్టిన్ మాత్రే అయి ఉంటే దాన్ని గుర్రపు మందు అనడం సరికాదు. 1981లో పశువుల మందుగా వచ్చిన మాట నిజమే. 1987 నుంచి ఆఫ్రికాలో నదుల వెంబడి చూపు పోగొట్టే జబ్బుకు మనుషులకు ఉచితంగా పంచారు. దాన్ని కనిపెట్టిన ఒమురా, క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ వచ్చింది. అది కరోనాకు పనిచేయలేదన్నది వేరే సంగతి. 2021 మే నెలలో గోవా ప్రభుత్వం పెద్దవారందరికీ ఇస్తామని ప్రకటించింది, సెప్టెంబరులో కేంద్రం తన చికిత్సా సూచనల నుంచి దాన్ని తీసేసింది.

అసలు ప్రమాదం ఆ మాత్రలు దొరకక పశువుల మందుకు దిగినవారిది. మాస్టారికి నచ్చే విషయం ఒకటి ఉంది, దాచను. ఈ మందుకు ఆయన త్రైరాశికం సరిపోతుంది. ఆవుకూ మనిషికీ కిలోకు 0.2 మి.గ్రా. చొప్పునే ఇస్తారు. అది కేవలం యాదృచ్ఛికం. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి మెదడులోకి మందు చొరబడకుండా ఆపే జన్యువు లోపించి ఉంటుంది కాబట్టి, మిగతా కుక్కలు తట్టుకునే మోతాదుకే అవి మూర్ఛలు వచ్చి పడిపోతాయి. ఒక్క కుక్కజాతిలోనే లెక్క ఇలా తప్పుతోంది.

లెక్క సరిపోయినా చేయి సరిపోదు. పశువుల సూదిమందులో మిల్లీలీటరుకు 10 మి.గ్రా. ఉంటుంది. 60 కిలోల మనిషికి 12 మి.గ్రా. కావాలంటే లెక్క ప్రకారం ఒకటింబావు మిల్లీలీటరు కూడా పట్టదు. దాన్ని చెంచాతో కొలిచి తాగేవారు ఉన్నారు. ఒక చెంచాలో 50 మి.గ్రా. గుర్రాలకు నోట్లో నొక్కే ముద్ద ఒక గొట్టంలో 110 మి.గ్రా.కు పైగా ఉంటుంది, ఎందుకంటే అది ఐదువందల కిలోలు దాటిన గుర్రానికి ఉద్దేశించింది. అంత మోతాదులో చూపు మసకబారడం, నడక తూలడం, మూర్ఛలు, కోమా వరకు వెళ్లవచ్చు. 2021 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 'మీరు గుర్రం కాదు, ఆవు కాదు' అని సామాజిక మాధ్యమంలో వేడుకున్నది ఇలాంటివారినే.

బసవనగుడి_రమ

దిద్దినందుకు సంతోషం. మావి మనుషుల మాత్రలే, వైద్యుడి చీటీతోనే కొన్నాము. గుర్రానికి మా తరఫున క్షమాపణ.

ఇనుపగుండు

వ్యాయామశాలల మాట ఎవరూ ఎత్తలేదు. ఏ పేటలోదో చెప్పను గాని, మూడేళ్లు నేను వెళ్లిన చోట కండల కోసం పశువుల మందులు పాల ప్యాకెట్లలా చేతులు మారేవి. గుర్రాలకు ఇచ్చే బోల్డెనోన్, ఎద్దుల చెవి చర్మం కింద పెట్టే ట్రెన్‌బోలోన్, గుర్రాల ఆయాసానికి వాడే క్లెన్‌బ్యుటెరాల్. 'గుర్రాన్ని చూడు, ఎలా ఉందో' అన్నది అక్కడి శిక్షకుడి వాదం. మాస్టారి వాదానికి ఇది చిన్న తమ్ముడు.

నేను క్లెన్‌బ్యుటెరాల్ వాడాను. కొవ్వు కరుగుతుందన్నారు. నాలుగో రోజు రాత్రి గుండె ఎంత వేగంగా కొట్టుకుందంటే, పక్కన పడుకున్న మిత్రుడు మంచం ఊగుతోందని లేచాడు. ఆసుపత్రిలో పొటాషియం బాగా పడిపోయిందన్నారు. ఆ మందు మనిషి ఒంట్లో సగానికి తగ్గడానికే ఒక రోజుకు పైన పడుతుందనీ, నేను రోజూ వేసుకుంటుంటే నిన్నటిది దిగకముందే ఇవాళ్టిది ఎక్కుతోందనీ అక్కడి వైద్యురాలు చెప్పేదాకా నాకు తెలియదు. ఇదే మందు ఆనవాళ్లు దొరికి సైకిల్ వీరుడు కొంటాడార్ 2010లో గెలిచిన టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం టైటిల్‌ను పోగొట్టుకున్నాడు. అతడు ఆ నెపాన్ని తిన్న మాంసం మీదికి నెట్టాడు. నాకు ఆ సాకు కూడా లేదు, నేను శాకాహారిని.

వక్రభాష్యం

శాకాహారి అయి ఉండి గుర్రపు మందు తిన్నారు. గుర్రం కూడా శాకాహారే కాబట్టి సరిపోయింది.

ఐసీయూ_రాత్రులు

కండల కోసమే ఇంకొకటి ఉంది. పశువులకు ఇచ్చే ఎ, డి, ఇ విటమిన్ల నూనె సూదిమందును కండలోకి ఎక్కించుకుంటే చేయి ఉబ్బుతుంది. అది కండ కాదు, నూనె, దాని చుట్టూ వాపు. ఆ డి విటమిన్ నెలల తరబడి ఊరుతూ రక్తంలో కాల్షియాన్ని పెంచి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. బ్రెజిల్ వైద్యులు ఇలాంటి కేసులను చాలా రాశారు.

బసవనగుడి_రమ

నవ్వుల మధ్య ఒక నవ్వని సంగతి చెబుతాను. మా పెదనాన్నగారి అల్లుడికి ఊపిరితిత్తుల క్యాన్సరు వచ్చింది. వైద్యం మొదలైన నెలకు ఎవరో ఒక వీడియో పంపారు. కుక్కలకు నులిపురుగులు పోవడానికి వేసే ఫెన్‌బెండజోల్‌తో అమెరికాలో ఒకాయన క్యాన్సరు మాయమైందట. మా బావగారు దాన్ని తెప్పించుకుని, ఆసుపత్రిలో చెప్పకుండా వేసుకున్నారు. మూడు వారాలకు కాలేయం పరీక్షలు పాడయ్యాయి, వైద్యులు కీమో ఆపేశారు. కారణం ఏమిటో వాళ్లకు తెలియదు, మాకూ తెలియదు. మందు డబ్బా ఆయన బీరువాలో దొరికింది ఆయన పోయాక.

ఆ మాత్రే ఆయన ప్రాణం తీసిందని నేను అనను, జబ్బు అప్పటికే ముదిరింది. కానీ ఆగిపోయిన ఆ ఐదు వారాల వైద్యం నన్ను ఇప్పటికీ పొడుస్తుంది.

ఐసీయూ_రాత్రులు

రమ గారూ, ఆ అమెరికా ఆయన అదే సమయంలో ఒక కొత్త రోగనిరోధక చికిత్స ప్రయోగంలో కూడా ఉన్నాడు. వీడియోలు ఆ ముక్కను వదిలేస్తాయి. 2019లో దక్షిణ కొరియాలో ఇదే మందుకు జనం ఎగబడితే అక్కడి ప్రభుత్వం వద్దని హెచ్చరించవలసి వచ్చింది. ఇంట్లో దొరికిన మందు గురించి చికిత్స చేసే వైద్యుడికి చెబితే తిడతాడనే భయం ఉంటుంది. తిట్టినా చెప్పండి.

చీటీ_లేనిదే_ఇవ్వను

దీనికి ఎదురు దారి కూడా ఉంది. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందును పశువులకు పొడిచినందుకే, వాటి కళేబరాలు తిని రాబందులు పోయాయి. 2006లో పశువులకు నిషేధించినా, మనుషుల కోసం వచ్చే 30 మిల్లీలీటర్ల సీసాలు కొట్టాలకు చేరుతూనే ఉన్నాయి. 2015లో ఆ సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించాకే కొంత కట్టడి అయింది. ఇక్కడికి దగ్గరలోనే రామనగర దగ్గర రామదేవర బెట్టలో మిగిలిన కొద్ది రాబందుల కోసం అభయారణ్యం పెట్టారు. అర మారితే మందు దారి మారుతుందని చెప్పడానికే ఇది రాశాను, మాస్టారి మాట నుంచి పక్కకు పోవడానికి కాదు.

హొసకోట_పాడి

మందుల మీద ఇంత భయం పెడుతున్నారు కదా, మరి మా దగ్గరికి వచ్చే డాక్టరు చేతి తొడుగు కూడా లేకుండా అవే సూదులు పొడుస్తాడు. ఆయనకు భయం లేదా?

హెబ్బాళ_గోవైద్యుడు

ఉంది. లేనివాడు ఉంటే వాడిని మీ కొట్టంలోకి రానివ్వకండి. ఆవులను ఎదకు తెచ్చే ప్రోస్టాగ్లాండిన్ సూదిమందు చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. గర్భిణి చేతి మీద ఒలికితే గర్భం పోయే ప్రమాదం ఉంది, ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం వస్తుంది. మీ ఇంట్లో ఆడవారు ఆ సీసాను కడిగి పాలు పోసుకోవడానికి వాడకుండా చూడండి, నేను అలా చూశాను. టిల్మికోసిన్ అనే పశువుల యాంటీబయాటిక్ సూది పొరపాటున తమకే గుచ్చుకుని విదేశాల్లో రైతులు చనిపోయారు. అది నేరుగా గుండె మీద పనిచేస్తుంది, విరుగుడు లేదు. ఈసుకుపోయే (గర్భం జారిపోయే) జబ్బు బ్రుసెల్లోసిస్ రాకుండా పెయ్యదూడలకు వేసే ఎస్19 టీకాలో ఉన్నది బతికున్న సూక్ష్మజీవి. రెండేళ్ల కిందట దూడ తన్ని ఆ సూది నా అరచేతిలో దిగింది. ఆరోజే ఆసుపత్రికి వెళ్లి వారాల తరబడి డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ మింగాను. అవి మనుషుల మందులు, మనుషుల డాక్టరు రాసినవి. నా సంచిలో పశువుల డాక్సీసైక్లిన్ ఉంది, దాన్ని ముట్టలేదు.

హొసకోట_పాడి

సీసా కడిగి వాడే అలవాటు మా ఇంట్లోనూ ఉంది. ఇవాళ అన్నీ పారేయిస్తాను. స్ప్రే మాటకు మాత్రం నేను ఇంకా ఒప్పుకోలేదు.

మదనపల్లె_మధు

పరీక్షల ఫలితాలు వచ్చాయి. క్రియాటినిన్ పెరిగి 2.1, హిమోగ్లోబిన్ తగ్గి 9.8 ఉన్నాయి. మలం నల్లగా పోతున్న మాట నిజమేనట, రాగిసంగటి వల్ల అనుకున్నారట. మూత్రపిండాల వైద్యుడు నొప్పి మందులన్నీ ఆపించి, బీపీ మాత్ర మార్చారు. కడుపులోకి గొట్టం వేసి చూస్తే పుండు కనిపించింది, దానికి వేరే మందు మొదలుపెట్టారు. ఆవు మాత్ర అట్టను నేనే ఆ వైద్యుడి బల్ల మీద పెట్టాను. కాసేపు ఏమీ మాట్లాడకుండా, మాత్ర ఒకటి ఒలిచి అరచేతిలో పెట్టుకుని బరువు చూశారు. వేళకు పట్టుకున్నారనీ, మూడు వారాల్లో క్రియాటినిన్ ఎంతవరకు దిగుతుందో చూద్దామనీ అన్నారు.

ఇక్కడ రాసినవన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. కుక్క లెక్క, పిల్లి లెక్క విన్నప్పుడు కాగితం తెప్పించుకుని తానే మళ్లీ వేశారు. తరువాత ఒక ప్రశ్న అడిగారు. ఆయన మాటల్లోనే రాస్తున్నాను: "సరే, నా లెక్క తప్పే. మరి ఆవుకు మూత్రపిండాలు లేవా? దానికి ఏమీ కాలేదేం?"

హెబ్బాళ_గోవైద్యుడు

మాస్టారికి నా నమస్కారం చెప్పండి. ఆవుకూ మూత్రపిండాలున్నాయి, వాటికీ ఈ మందు పడదు. అందుకే ఒంట్లో నీరు తగ్గిన పశువుకు దీన్ని ఇవ్వడానికి వెనకాడతాం. ఇచ్చినా ఒక రోజు, మహా అయితే మూడు రోజులు. ఆ తరువాత కూడా కొన్ని రోజులు పాలు అమ్మవద్దని చెబుతాం, ఎందుకంటే మందు పాలలోకి దిగుతుంది. ఎనిమిది నెలలు, రెండు పూటలా, బీపీ మాత్రతో కలిపి ఏ ఆవుకూ ఎవరూ వేయలేదు. వేసి ఉంటే ఆ ఆవు కూడా లేచి నిలబడి ఉండేది కాదు.

వక్రభాష్యం

ఆవుకు పెన్షను రాదు కాబట్టి బీపీ కూడా రాదు.

మదనపల్లె_మధు

ఇదీ వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత "ఆ పశువుల డాక్టరుగారి నంబరు తీసుకో, మన కర్రావుకు ఎడమ పొదుగు వాచింది, వాడు చెప్పినంతే వేద్దాం" అన్నారు.